ఒంగిన గోడను ఫోటో తీయడానికి బొంబాయి పోయాను

మా స్టూడియోకు ఫోటో దిగడానికి వచ్చేవాళ్ళంతా ఇప్పుడు నన్ను ఒకటే అడుగుతున్నారు. బొంబాయి ఎట్లా ఉంది, సముద్రం చూశావా, సినిమావాళ్ళ బంగళాలు చూశావా అని. సముద్రం చూడలేదు, బంగళాలూ చూడలేదు. ఒక గోడను చూసి వచ్చాను. ఆ గోడను తలచుకుంటే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. అయినా పోనివాళ్ళ కోసం చెప్పాలి కదా, చెబుతాను.

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. నేను పిరికివాణ్ణి. మహబూబ్‌నగర్‌లో చిన్న స్టూడియో, పెళ్ళి జంటలు, పాస్‌పోర్టు సైజులు, ఇదే నా లోకం. రైల్లో పై బెర్తు ఇస్తే పడిపోతానేమోనని తెల్లవార్లూ కూచునే ఉంటాను. అలాంటివాణ్ణి మా నాన్న వాడిన పాత చెక్క కెమెరాను, దాని మూడు కాళ్ళను, నల్ల గుడ్డను భుజానేసుకుని బొంబాయి పోయానంటే దానికి కారణం మా అక్క.

అక్క లక్ష్మమ్మ ఉండేది కామాటిపురాలో. బావ నర్సింగ్ తాపీ మేస్త్రి. వాళ్ళ తాతలు మన పాలమూరు నుంచి సున్నం మోయడానికి, రాళ్ళెత్తడానికి పోయి అక్కడే ఉండిపోయారు. ఉండేది చాల్‌లో, అంటే ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, గదులన్నిటి ముందు పొడుగాటి చెక్క గ్యాలరీ. ఎండాకాలంలో పెళ్ళికని ఊరికొచ్చిన ఒకాయన మా స్టూడియోకు వచ్చి కబురు చెప్పాడు. ఆ చాల్ పక్క గోడకు పొట్ట వచ్చిందట. అక్క గది సరిగ్గా ఆ గోడకే ఉందట. వానలు పడితే ఆగదని అక్క భయం.

పాత ఇళ్ళ మరమ్మతులు చూసే ఆఫీసుకు చాల్ వాళ్ళు పోయారు. ఎవరో చిన్న కెమెరాతో కింద నిలబడి, తలెత్తి తీసిన ఫోటో ఒకటి చూపించారు. ఆఫీసాయన దాన్ని చూసి నవ్వాడట. ఈ ఫోటోలో మీ ఇల్లే కాదు, పక్కిల్లూ పడిపోతోంది, కరెంటు స్తంభమూ పడిపోతోంది, ముందు మీ కెమెరాకు రిపేరు చేయించుకోండి అన్నాడట. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కెమెరాను పైకెత్తి చూస్తే ఎంత గట్టి మేడైనా వెనక్కి వాలినట్టే పడుతుంది. గోడ ఎంత ఒంగిందో అంతే చూపించాలంటే కెమెరా నిటారుగా నిలబడాలి, లెన్స్ మాత్రం పైకీ కిందికీ జరగాలి. అది చేయగలిగేది మా నాన్న పెట్టె లాంటి పెద్ద కెమెరానే. తమ్ముణ్ణి రమ్మని చెప్పు అని అక్క కబురు పెట్టింది.

ఫోర్ట్‌లో లెన్సుల దుకాణం

నా దగ్గర ఉన్నది ఒకే లెన్స్, నూట యాభై మిల్లీమీటర్లది. స్టూడియోలో మనిషి ముఖానికి అంతకన్నా మంచిది లేదు. కానీ చాల్ ముందున్న గల్లీలో ఒక లారీ, దాని పక్కన ఒక చేతిబండి పడతాయి, అంతే. వెనక్కి జరిగేందుకు జాగా లేదు. జాగా లేనిచోట వెడల్పుగా చూసే వైడ్ యాంగిల్ లెన్స్ కావాలి. దాదర్‌లో దిగి, అక్కడి నుంచి సామానుతో పాటు నన్ను నేను లోకల్ రైల్లోకి తోసుకుని, ముందు ఫోర్ట్‌కే పోయాను. రైల్లో ఒకాయన నా మూడు కాళ్ళ కర్రను పట్టుకుని వేలాడుతూ వచ్చాడు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

దుకాణం ముసలాయన వాడిన లెన్సులు అద్దెకిస్తాడు. గల్లీ వెడల్పు, ఇంటి ఎత్తు అడిగి రెండు లెన్సులు తెచ్చి గుడ్డ మీద పెట్టాడు. ఒకటి తొంభై, ఇంకొకటి అరవై ఐదు. ఆయన హిందీ, నా హిందీ కలిసి నడిచిన మాటల సారం ఇది. తొంభై మర్యాదస్తురాలు. అంచుల దాకా వెలుతురు, పైకీ పక్కకూ జరపడానికి కావలసినంత చోటు. కానీ ఆ గల్లీలో దానికి ఇంటి పైకప్పయినా పోతుంది, పునాదైనా పోతుంది. అరవై ఐదుకు ఇల్లంతా పడుతుంది, కానీ అది తన సుంకం తాను వసూలు చేసుకుంటుంది. మూలలు నల్లబడతాయి. అంచుల్లో ఉన్నది చపాతీ పిండి లాగినట్టు సాగుతుంది. పైగా పెట్టె ముందుభాగం వెనకభాగానికి ఎంత దగ్గరగా పోవాలంటే, మధ్యలో ఉన్న తోలు తిత్తి ముద్దయి లెన్సును పైకి జరగనివ్వదు.

"అయితే ఎట్లా?" అన్నాను.

లెన్స్ పైకి పోకపోతే నువ్వే పైకి పో అన్నాడాయన. ఎదురింటి పై అంతస్తులో, ఇంటి సగం ఎత్తులో నిలబడు. నిజంగా కనబడాల్సింది ఏదుందో దాన్ని మధ్యలో పెట్టు. మధ్యలో ఉన్నదాని గురించి ఈ లెన్స్ అబద్ధమాడదు, అంచుల సంగతి నేను చెప్పలేను అన్నాడు. అరవై ఐదునే తీసుకున్నాను. హామీగా నా నూట యాభైని ఆయన దగ్గర పెట్టాను. దాన్ని బల్ల సొరుగులోకి తోస్తుంటే నా ప్రాణం కొంచెం దాంతో పాటే పోయింది.

గల్లీలోకి

ఫోరస్ రోడ్ మీద దిగి నడుస్తుంటే నా భయానికి కొత్త కారణం దొరికింది. ఆ వీధుల పేరు చెబితే బయటివాళ్ళకు ఒకటే గుర్తొస్తుంది, ఒళ్ళమ్ముకునేవాళ్ళ గదులు. పేపర్లవాళ్ళు కెమెరాలతో వచ్చి, పని చేసుకుని ఇంటికి పోతున్న ఆడవాళ్ళనూ అదే లెక్కలో కట్టి ఫోటోలు అచ్చేశారట. కాబట్టి నా భుజం మీది మూడు కాళ్ళను చూడగానే పాన్ డబ్బా దగ్గరున్న నలుగురు లేచి నిలబడ్డారు. ఒకాయన నా ఛాతీ మీద చెయ్యి పెట్టాడు. "క్యా ఫోటో నికాల్నేకా? కిస్కా?" అని, ఎవరి ఫోటో తీయడానికి వచ్చావని నిలదీశాడు.

నాకు హిందీ మొత్తం మరుపొచ్చింది. "మా అక్క... మేస్త్రి నర్సింగ్..." అని తెలుగులోనే నసిగాను.

ఆయన చెయ్యి అక్కడే ఉంది గానీ బరువు తగ్గింది. "నర్సింగ్ బామ్మర్దివా? గట్ల జెప్పరాదె. ఘాబర్ అయితున్నవ్ ఎందుకు? పా, నేను సూపెడ్త" అని నా పెట్టె తనే ఎత్తుకున్నాడు. చాల్ దాకా వచ్చి, చాయ్ కూడా ఇప్పించి పోయాడు. ఇరానీ హోటల్లో చాయ్ మన చాయ్‌కన్నా చిక్కన, కప్పు మనకన్నా చిన్నది. ఆ హోటల్ గల్లా మీద ఒక నల్ల టెలిఫోన్ ఉంది. చాల్ మొత్తానికి అదే దిక్కు. ఆ ఫోన్ గురించి మళ్ళీ చెబుతాను.

చాల్ మూడంతస్తులది, కింది గదులు కాక. దూరం నుంచి మామూలుగానే కనిపించింది. మూల దగ్గరికి పోయి పక్క గోడ అంచును కింది నుంచి పైకి చూశాను. రెండో అంతస్తు దగ్గర గోడ సందులోకి ఉబ్బి ఉంది. కింద ఎవరో రెండు దుంగలు ఏటవాలుగా ఆనించారు. ఆ దుంగల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. మెట్లు ఎక్కుతుంటే ప్రతి మెట్టూ ఒక మాట అంటోంది.

అక్క నన్ను చూసి ఏడ్చింది, తర్వాత నా పెట్టెను చూసి నవ్వింది. "గింత పెద్ద పెట్టె మోస్కొచ్చినవా తమ్మీ! సిన్న డబ్బాతోని అయ్యే పని గాదా?"

జొన్న రొట్టె, పచ్చి పులుసు, ఎండు బొంబిల్ చేప వేపుడు పెట్టింది. రొట్టె అచ్చం అమ్మ చేసినట్టే ఉంది. చేప మాత్రం మన దగ్గర లేని వాసన. తింటూ గోడ వైపు చూడకూడదనుకున్నాను, చూపు అక్కడికే పోయింది. గోడకు వేసిన క్యాలెండర్ కింది భాగం గోడను తాకడం లేదు. వెనక చెయ్యి దూరేంత సందు. నేలకూ గోడకూ మధ్య చీలిక వచ్చింది, అందులో అక్క పాత చీర కుక్కింది. "అది తీస్తె సందుల నడిశెటోళ్లు కనవడ్తరు" అంది. పిల్లలిద్దర్నీ గది అవతలి మూలకు పడుకోబెడుతోందట. వాళ్ళు నాతో తెలుగులో రెండు మాటలు మాట్లాడి, తమలో తాము మరాఠీలో మాట్లాడుకుంటూ బయటికి పోయారు.

బావ పని నుంచి వచ్చాడు. వచ్చీ రాగానే అసలు విషయం బయటపెట్టాడు. "ఏం బామ్మర్దీ, మీ అక్క మాట బట్టుకొని ఉర్కొచ్చినవా? మా తాతలు సున్నం కొట్టి లేపిన గోడ ఇది. పొట్టొచ్చి ఏండ్లయింది. పడాల్నంటె ఎప్పుడో పడేది."

"పడ్డంక నమ్ముతవా?" అంది అక్క.

"ఖోలీ ఖాలీ జేస్తె మల్ల దొర్కుతదా? చెప్పు! ఆ గల్లోళ్లను ఇండ్లు మల్ల కట్టిస్తమని క్యాంపులకు తోలిన్రు. గాడనే ముసలోళ్లైన్రు, ఒక్కలన్న మల్లొచ్చిన్రా? ఫోటోల గోడ ఒంగినట్టు కనవడ్డదనుకో, ఆఫీసోడు నోటీసు అంటిస్తడు. ఇంత జాగ సుత పోతది."

అప్పుడు నాకు అర్థమైంది. ఇంట్లో భయాలు రెండు. అక్కది గోడ పడుతుందని, బావది గది పోతుందని. చాల్ అంతా ఇలాగే రెండుగా చీలి ఉంది. నా ఫోటో ఒకరికి మందు, ఇంకొకరికి విషం. ఆ రాత్రి నిద్ర సంగతి అడగకండి. అల్లుడికి వేసినట్టు నాకు మంచి పరుపే వేశారు, గోడ పక్కన.

ఎదురింటి బీడీల గది

ముసలాయన చెప్పినట్టు సగం ఎత్తులో నిలబడాలంటే ఎదురింటి మొదటి అంతస్తే దిక్కు. అక్కడొక గదిలో మన ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఒళ్ళో చేటలు పెట్టుకుని బీడీలు చుడతారు. వాళ్ళకు పెద్ద పోశవ్వ. నా కెమెరాను చూసి ఆమె చేట పక్కన పెట్టి లేచింది.

"మా మొకాలు పడొద్దు. ఒక్కదాని మొకం పడ్డా నీ పెట్టె కిటికీలకెల్లి కిందికి పోతది. ఒకసారి పేపర్ల ఏసిన్రు. నా బిడ్డకు కుదిరిన సంబంధం తప్పిపోయింది."

కెమెరా కిటికీ బయటికి చూస్తుంది పోశవ్వా, వెనక్కి చూడదు అని చెప్పాను. నమ్మలేదు. తనే నల్ల గుడ్డలో తల దూర్చి, వెనక గరుకు అద్దం మీద కనబడే బొమ్మను చూసి తృప్తి పడ్డాకే ఒప్పుకుంది. "అయ్యో, గల్లీ మొత్తం తలకిందులైంది. మనుషులు గబ్బిలాలోలె నడుస్తున్రు!" అంది. తర్వాత గదిలో ఉన్న అందరూ ఒకరి తర్వాత ఒకరు గుడ్డలో దూరారు. ఆ పూట బీడీలు తక్కువే అయి ఉంటాయి.

నా పాట్లు నేను పడ్డాను. ఆ లెన్సుతో అద్దం మీద బొమ్మ ఎంత మసకంటే, భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. పైగా బొమ్మలో ఒక నల్ల పలక అడ్డంగా వచ్చింది. ఎదురింటి అరుగేమోనని చాలాసేపు కుస్తీ పట్టాను. చివరికి చూస్తే అది నా కెమెరా ముందు పలకే. ఆ లెన్స్ ఎంత వెడల్పుగా చూస్తుందంటే తను కూచున్న పీటను కూడా చూసుకుంటోంది. పలకను కిందికి దించాక గల్లీ అంతా దొరికింది. చాల్ మూలను, పొట్ట ఉన్న అంచును, సరిగ్గా మధ్యలోకి తెచ్చాను.

సాయంత్రం అక్క, బావ ఇద్దరూ చూడటానికి వచ్చారు. బావకు కెమెరా మీది చిన్న గాజు గొట్టం, అందులోని బుడగ కనిపించాయి. "గీ డబ్బల రసమట్టం సుత ఉందా!" అని మురిశాడు. మేస్త్రీలు అడుగు సమంగా ఉందో లేదో చూసుకునేది అదే కదా. గుడ్డలో తల పెట్టి చాలాసేపు చూశాడు. నేను ఊరికే ఉండలేక కెమెరాను పక్కకు కొద్దిగా ఒరిగించాను. అద్దం మీద గోడ ఒంపు మాయమైంది. పక్కిల్లు కొంచెం ఒరిగింది, అంతే.

గుడ్డలోంచే బావ గొంతు వచ్చింది. "గట్లనే ఉంచు. గట్లనే తియ్యి."

"అట్ల దీస్తె నేను నీకు అక్కను కాను" అంది అక్క.

ఇద్దరూ అక్కడే అందుకున్నారు. బీడీల గది మొత్తం చేతులాపి విన్నది. చివరికి నేనన్నాను. "బావా, నేను నిటారుగా తీసినా ఒరిగించి తీసినా ఆఫీసాయన నా మాట నమ్మడు. కెమెరా మాటా నమ్మడు. ఫోటోలో దానంతట అదే నిటారుగా నిలిచేది ఒకటి ఉండాలి. దాని పక్కన గోడను పెట్టి చూసుకోమందాం."

బావ నన్ను చూశాడు. తర్వాత నవ్వాడు. "ఓళంబా కడ్దాం. దాని ముందల ఎవ్వని మాటా నడ్వది. పొట్ట ఎంతుందో, లోకమంత సూస్తది. ఇంతే ఉందని నువ్వే అంటవ్."

మన మేస్త్రీలు తూకం గుండు అంటారే, దారానికి కట్టిన ఇత్తడి గుండు, దాన్నే అక్కడ ఓళంబా అంటారు. గోడ బాగుందని నిరూపించడానికే బావ దాన్ని పెట్టెలోంచి తీశాడు. అక్క గోడ ఒంగిందని నిరూపించడానికి సరేనంది. అట్లా ఇద్దరూ ఒక దారానికి ఒప్పుకున్నారు.

మొదటి ఫోటో

పొద్దున్నే బావ డాబా ఎక్కి, పిట్టగోడ మూల నుంచి ఒక కర్ర బయటికి చాపి, దానికి దారం కట్టి గుండు వదిలాడు. ఆఫీసాయనకు కనబడేలా దారానికి సున్నం పూశాడు. గుండు చాలాసేపు ఊగి ఊగి నిలిచింది. నేను గుడ్డలో దూరి భూతద్దంతో చూశాను. తలకిందుల బొమ్మలో దారం కింది నుంచి పైకి లేచినట్టుంది. కింద, అంటే అసలు పైన, దారానికీ గోడకూ జానెడు సందు. పొట్ట దగ్గర, అక్క వంటగట్టు అవతల, రెండు వేళ్ళ సందు మిగిలింది. లెన్స్ రంధ్రం చిన్నది చేసి, లెన్సును తెరిచే కేబుల్ నొక్కి, నిదానంగా ఒకటి తీశాను.

బావ డాబా మీది నుంచే రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు. "రెండు వేళ్ల సందుంది! సూస్కోండ్రి!" అని గల్లీకంతా వినబడేలా అరిచాడు.

పని అయిపోయింది అనుకున్నాను. కెమెరా విప్పబోతుంటే చాల్ పెద్దలు ఇద్దరు పైకి వచ్చారు. ఖాళీ ఇల్లు ఫోటో తీస్తే ఏం లాభం, ఎవరి ఖోలీ ఏదో ఆఫీసుకు ఎట్లా తెలుస్తుంది అన్నారు. ఎవరి తలుపు ముందు వాళ్ళు నిలబడతారట, ఫోటోలో ఉన్నవాడి గది ఎవడూ కాదనలేడట. గదికీ ఫోటోకూ అట్లాంటి హక్కు ఉంటుందని నేనెక్కడా వినలేదు. లోపల నవ్వుకున్నాను. ఇంకో ఫిలిం షీటు ఉంది కదా, తీస్తే పోయేదేముంది అనుకున్నాను. "ఎవరి తలుపు దగ్గర వాళ్ళు కదలకుండా నిలబడండి" అని చెప్పి పంపాను.

అయితే అంతకుముందే నేనింకో మాట జారాను. ఈ లెన్స్ అంచుల్లో ఉన్నవాళ్ళను సాగదీస్తుంది, మధ్యలో ఉన్నదే సరిగ్గా పడుతుంది అని బీడీల గదిలో గొప్పగా చెప్పాను. ఆ మాట నాకన్నా ముందే గల్లీ దాటింది.

గ్యాలరీలు నిండాయి

ఫిలిం పెట్టాక వెనక అద్దం మూసుకుపోతుంది, ఇక కెమెరాలోంచి కనబడదు. కేబుల్ చేత్తో పట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాను. ఒక్కో తలుపు తెరుచుకుంది. జరీ చీరలు, ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో పసిపిల్లలు. వర్లి నుంచి వచ్చిన చుట్టాలు కూడా దిగారు. గ్యాలరీలో మామూలుగా ఇద్దరో ముగ్గురో నిలబడతారు. ఇప్పుడు మూడు అంతస్తులూ మనుషులతో నిండిపోయాయి. అక్క పిల్లలిద్దర్నీ చెరోవైపు పట్టుకుని తన తలుపు ముందు నిలబడింది. నన్ను చూసి నవ్వింది.

నేను దారం వైపు చూశాను. రెండు వేళ్ళ సందు లేదు.

నా కళ్ళే మోసం చేస్తున్నాయనుకున్నాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. పొట్ట దారాన్ని ముట్టుకుంది. తెల్ల దారం అక్కడ కొంచెం విరిగినట్టు, గోడ మీద ఆనింది. పొట్ట కింది నుంచి సన్నటి సున్నం పొడి రాలుతోంది. సరిగ్గా అప్పుడే చివరి గదుల వాళ్ళు కదిలారు. సాగిపోతామన్న భయంతో, మధ్యలోకి, ఆ మూలకే, నవ్వుతూ తోసుకుంటూ రావడం మొదలుపెట్టారు.

నేను అరవబోయాను. గొంతు పెగల్లేదు. చేతులతో వెనక్కి వెనక్కి అని సైగ చేశాను. కెమెరావాడు చేతులూపితే సర్దుకోమని కాబోలు అనుకుని ఇంకా దగ్గరికి జరిగారు. భయంతో చేతులు బిగుసుకుని కేబుల్ నొక్కుకుపోయింది. లెన్స్ టక్కుమని తెరుచుకుని, కొంచెం ఆగి, మూసుకుంది. పోశవ్వ నా వెనక నిలబడి "ఏమైంది, ఏమైంది" అంటోంది. నేను దారాన్ని చూపించాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డాబా మీద బావ కర్ర పట్టుకుని కిందికి వంగి ఉన్నాడు. అతనూ చూశాడు. ఆ క్షణంలో అతని ముఖం నాకు కనబడింది, ఆ ముఖం నేను మళ్ళీ చూడకూడదు. తర్వాత ఒక కేక వేశాడు.

"పరంజా ఇరుగుతుందో! దిగుండ్రి! ఒక్కొక్కలు! ఉరకకుండ్రి!"

అక్కడ పరంజా కర్రలేవీ లేవు. కట్టేది లేదు, ఎక్కేది లేదు. కానీ ఆ గ్యాలరీల్లో ఉన్నవాళ్ళ తండ్రులు, తాతలు అందరూ పరంజాల మీద బతికినవాళ్ళే. ఆ కేకకు ఎవరూ ఎందుకని అడగలేదు, తలెత్తి చూడలేదు. నవ్వులు ఆగిపోయాయి. అంచుకు ఉన్నవాళ్ళు ముందు, తర్వాత వాళ్ళ వెనకవాళ్ళు, గోడ వైపు కాకుండా మెట్ల వైపు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని దిగారు. ముసలివాళ్ళను ఎత్తుకుని దిగారు. నేను కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాను. ఆ మెట్లు ఇంకా నాకు వినబడుతూనే ఉంటాయి.

గోడ నిలిచింది. గ్యాలరీలు ఖాళీ అయ్యాక సందు తిరిగి వస్తుందేమోనని చూశాను. రాలేదు. దారం అట్లాగే గోడ మీద ఆని ఉంది.

బావ గల్లీ దాటి బీడీల గదికి వచ్చాడు. వచ్చీ రాగానే గుడ్డలో తల పెట్టాడు. నేను ఫిలిం తీసేశాను. అద్దం మీద తలకిందులుగా ఉన్న గోడను అతను ఎంతసేపు చూశాడో చెప్పలేను. బయటికొచ్చాక ముఖం తుడుచుకున్నాడు.

"మీ అక్కను, పిల్లలను వర్లికి తోల్కపో. మా చిన్నాయన ఖోలీ ఉంది ఆడ."

"నువ్వు?"

"నేనుంట. ఖోలీకి ఒక్కడన్న ఉండాలె. ఖాలీగ ఉంటె తాళమేసుకుంటరు."

అక్క అతని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. వినలేదు. అతనొక్కడే కాదు, చాల్‌లో గదికొక మగమనిషి ఉండిపోయాడు. ఫోటో ఆఫీసుకు అందేదాకా అన్నారు. వర్లిలో మూతపడ్డ మిల్లు గోడ పక్కన, గదికి పదిమంది ఉన్నచోట అక్కను దింపాను. ఆమె నాకు అన్నం పెట్టలేదు, అదే మొదటిసారి. "తొందర్గ పో తమ్మీ, ఫోటో కడుగు" అంది. ఫోర్ట్‌లో లెన్స్ తిరిగిచ్చేటప్పుడు ముసలాయన ఎట్లా వచ్చింది అని అడిగాడు. మధ్యలో ఉన్నదాని గురించి అబద్ధమాడలేదు అన్నాను.

మా ఊళ్ళో, నల్ల తలుపు వెనక

తెలియనిచోట కడగడానికి ఇస్తే పాడుచేస్తారని భయం, అందుకే షీట్లు ఇంటికే తెచ్చాను. వచ్చిన రోజు స్టూడియో మూసి ఎర్ర దీపం కింద కూచున్నాను. మొదటిది నిదానంగా, శుభ్రంగా వచ్చింది. రెండు వేళ్ళ సందు స్పష్టంగా ఉంది. రెండోదాని మీద ఆశ లేదు, భయంలో నొక్కింది కదా. అదీ తేలింది. కదిలినవాళ్ళు పొగలా పడ్డారు, తలుపుల దగ్గర నిలబడ్డవాళ్ళు కదలకుండా పడ్డారు. గోడ మీద ఆనిన దారం పడింది. ప్రతి తలుపూ, దాని మీది నంబరూ, దాని ముందు మనిషీ కనబడుతున్నారు. అక్క నవ్వు కూడా ఉంది. మూలలు నల్లగా ఉన్నాయి. పై అంచున కర్ర, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి. ఆ లెన్స్ దాన్ని సాగదీసింది, మోచేతి నుంచి వేళ్ళ దాకా మనిషి చెయ్యి అంత పొడుగుండదు.

ప్రింట్లు రిజిస్టర్డ్ పోస్టులో వేశాను. అదే కౌంటర్ పక్కన ఇరానీ హోటల్‌కు ట్రంక్ కాల్ బుక్ చేశాను. అప్పటికి అక్కడ వానలు మొదలయ్యాయని పేపర్లో చూశాను. లైను కలిసి, హోటల్ ఆయన బావను పిలవడానికి పంపి, బావ గొంతు వచ్చేసరికి నా చెవి తడిసిపోయింది.

"బావా, ఎట్లా ఉంది?"

"రోజు పొద్దుగాల చూస్తున్న. ఇయ్యాల దారం గోడ మీద వంగింది." మేస్త్రి మాటలాగే చెప్పాడు.

"దిగు బావా. ఫోటోలు వచ్చాయి, పోస్టులో వేశాను."

"ఖోలీ?"

అప్పుడు నేను లోపల నవ్వుకున్న మాటనే గట్టిగా అన్నాను. "ఖోలీ ఫోటోలో ఉంది. తలుపు ఉంది, నంబరు ఉంది, తలుపు ముందు అక్క, పిల్లలు ఉన్నారు. నువ్వుండి పట్టుకోవలసిన పని లేదు. ఫోటో పట్టుకుని ఉంది."

"నేనున్ననా అండ్ల?"

"నీ చెయ్యి ఉంది."

"చెయ్యొక్కటేనా?"

"దారం పట్టుకున్న చెయ్యి బావా. అది లేకపోతే ఆ ఫోటోకు విలువే లేదు. అందరి గదులూ దాని మీదే ఉన్నాయి."

అటువైపు కప్పుల చప్పుడు, వాన చప్పుడు. తర్వాత "ఫోన్ బెట్టకు. మిగిలినోళ్లను దింపుకొని, స్టవ్వు దెచ్చుకొని వస్త" అన్నాడు. ఫోన్ గల్లా మీద పెట్టిన శబ్దం వినబడింది.

నేను రిసీవర్ చెవికి నొక్కుకుని నిలబడ్డాను. మూడు నిమిషాలు అయిపోయాయి, పొడిగించాలా అని ఆపరేటర్ అడిగింది. పొడిగించమన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ పొడిగించమన్నాను. వాన చప్పుడు పెద్దదైంది. ఎవరో గ్లాసు పడేశారు, నేను ఇక్కడ ఎగిరిపడ్డాను. నా వెనక నిలబడ్డాయన ఇంకెంతసేపని విసుక్కున్నాడు. ఆయన వైపు తిరిగి చూడటానికి కూడా భయమేసింది, తిరిగితే లైను తెగిపోతుందేమోనని.

"దిగినం బామ్మర్దీ. అందరం" అంది గొంతు.

నేను రిసీవర్ ఇంకో చేతికి మార్చుకున్నాను.

"కానీ ఓళంబా ఆడనే మర్సిన. మా తాతది. ఉండు, పోయి దెస్త."

"వద్దు!" అని నేనరిచిన అరుపుకు పోస్టాఫీసు మొత్తం నిలిచిపోయింది. స్టాంపులు నాకుతున్నాయన నాలుక బయటే ఉండిపోయింది. ఫోన్ అవతల బావ ఉలిక్కిపడ్డట్టున్నాడు. నా జన్మలో నేనంత గట్టిగా అరవలేదు, అక్కడ కిటికీలో రాని గొంతు ఇక్కడ వచ్చింది.

"సరె. పోను" అన్నాడు.

ఆ వారంలోనే గోడ సందులోకి కూచుంది. దాంతో పాటు అక్క వంటగట్టు, క్యాలెండర్ పోయాయి. లోపల ఎవరూ లేరు. గదులు తిరిగి ఇస్తారో లేదో ఇంకా తేలలేదు, ఫోటో మరమ్మతుల ఆఫీసులో ఉంది. చాల్ వాళ్ళు ఇంటికొకటి కావాలని ప్రింట్లు అడిగారు. మూలల్లో నలుపు కోసేయనా అని అడిగితే అక్క వద్దంది. కోస్తే పైనున్న చెయ్యి పోతుందట.